మంచు చరియల చదువు ఎటు మళ్ళింది

స్విట్జర్లాండ్‌లో గోథార్డ్ కనుమకు ఉత్తరాన ఆండర్‌మాట్ అనే ఊరుంది. ఊరి నెత్తిన ఏటవాలు కొండ, ఆ కొండ మీద ఒక చిన్న అడవి. 1397లో ఆ లోయ జనం కలిసి ఒక కట్టుబాటు రాసుకున్నారు. ఆ అడవిలో ఎవరూ చెట్టు కొట్టకూడదు, కొమ్మ విరవకూడదు, రాలిన కాయలు కూడా ఏరుకుపోకూడదు. చలికాలం పొడుగునా పొయ్యి మండితే తప్ప బతకలేని చోట ఇది చిన్న త్యాగం కాదు. అయినా ఒప్పుకున్నారు. పై వాలు మీది మంచును పట్టి ఉంచేవి ఆ చెట్లేనని వాళ్ళకు తెలుసు. (కదిలిన మంచును చెట్లు ఆపలేవు. కదలకుండా పట్టి ఉంచడం వరకే వాటి పని. ఈ తేడా తెలియక అడవిలో ఉంటే క్షేమమనుకునేవాళ్ళు ఇవాళ కూడా ఉన్నారు.) మంచు రేణువు ఏ ఆకారంలో ఉంటుందో, అడుగు పొర ఎందుకు బలహీనపడుతుందో ఆ రైతులకు తెలియదు. ఎక్కడ ఉండకూడదో, ఎప్పుడు కదలకూడదో తెలుసు. ఆ తెలివిని ఏ ఒక్కరి సమయస్ఫూర్తికీ వదలకుండా ఊరందరి మీదా చెల్లే చట్టంగా మార్చుకున్నారు.

స్కీ రిసార్టు హద్దు దాటి, తాళ్ళూ జెండాలూ లేని కొండల్లోకి స్కీల మీదో స్నోబోర్డుల మీదో వెళ్ళేవాళ్ళు ఇవాళ మంచు చరియల భద్రత మీద కోర్సులు చేసి వెళ్తున్నారు. ఆ కోర్సుల చరిత్రను మామూలుగా విజ్ఞానం సాధించిన విజయంగా చెబుతారు. అజ్ఞానంలో జనం చచ్చేవారు, శాస్త్రవేత్తలు మంచును చదివారు, ఇంజనీర్లు పరికరాలు చేశారు, ఇప్పుడు బతుకుతున్నారు అని. అది సగం నిజం. ఆ చరిత్రను దగ్గరగా చూస్తే ఇంకో దారి కనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దం తన బలమంతా మంచును అర్థం చేసుకోవడం మీద పెట్టింది. బాగా చదువుకున్నవాళ్ళు కూడా చనిపోతూ ఉంటే శతాబ్దం చివరికి వచ్చాక ఆ చదువు దృష్టి మంచు మీద నుంచి మనిషి మీదికి మళ్ళింది. మళ్ళిన చోట దానికి కనిపించింది ఆండర్‌మాట్ రైతులు ఎప్పుడో తేల్చుకున్న మాటే: అక్కడికక్కడ వేసే అంచనా కంటే ముందే వేసుకున్న కట్టడి నమ్మదగ్గది. ఇది పాతకాలాన్ని పొగిడే మాట కాదు. ఆరు శతాబ్దాల సాక్ష్యం అటే నడిపిస్తోంది.

పాత కట్టుబాట్లకు ఉన్న లోపం కూడా చెప్పాలి. అవి ఒక లోయకే పనికొచ్చేవి, రాతలోకి ఎక్కింది తక్కువ. వాటిని దేశమంతటికీ విస్తరించిన మనిషి యోహాన్ కోయాట్స్. 1850లో పిట్స్ బెర్నీనా శిఖరాన్ని మొదట ఎక్కిన ఆయనే తర్వాత స్విస్ సమాఖ్య అటవీ శాఖకు పెద్ద అధికారి అయ్యాడు. 1876 నాటి అటవీ చట్టం కొండ అడవుల నరికివేతకు దేశవ్యాప్తంగా పగ్గం వేసింది. 1881లో ఆయన స్విస్ ఆల్ప్స్‌లోని మంచు చరియల మీద ఒక పుస్తకం రాశాడు. అటవీ సిబ్బందితో ఏ లోయలో ఏ దారిన చరియ దిగింది, ఏం పాడయింది అని లెక్కలు రాయించాడు. గమనించండి, ఇదంతా ఇంకా చోటు గురించిన విద్యే. మంచు లోపల ఏముందన్న ప్రశ్న ఇంకా మొదలు కాలేదు.

ఆ ప్రశ్న మొదలవడానికి ముందు ఒక యుద్ధం వచ్చింది. 1915 నుంచి ఇటలీ, ఆస్ట్రియా-హంగరీ సేనలు ఆల్ప్స్ శిఖరాల మీద ఎదురెదురుగా నిలబడ్డాయి. ఏ గొర్రెల కాపరీ చలికాలంలో కాలు పెట్టని వాలుల మీద సైనికులకు చెక్క బారకాసులు కట్టారు. మర్మొలాడా కొండ మీద గ్రాన్ పొజ్ అనే చోట ఉన్న ఆస్ట్రియా-హంగరీ శిబిరాన్ని 1916 డిసెంబరు 13 తెల్లవారుజామున మంచు కప్పేసింది. సుమారు 270 మంది చనిపోయారు. అక్కడి అధికారి అంతకుముందే ఆ చోటు ప్రమాదమని, బారకాసు మార్చాలని పైవాళ్ళకు రాశాడు. పైవాళ్ళు వినలేదు. ఆల్ప్స్ చరిత్రలో అతి పెద్ద చరియ ప్రమాదాల్లో ఒకటైన ఈ ఘటనలో లోపించింది జ్ఞానం కాదు. తెలిసినవాడి చేతిలో నిర్ణయం లేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో ఆస్ట్రియా సైన్యానికి కొండల నిపుణుడిగా పనిచేస్తున్న మథియాస్ జ్డార్‌స్కీ, చరియ కింద చిక్కుకున్నవాళ్ళను కాపాడబోయి తానే ఇంకో చరియలో పడ్డాడు. ఆల్ప్స్ స్కీయింగ్‌కు పద్ధతి నేర్పిన తొలి గురువుల్లో ఆయన ఒకడు. ఒంట్లో దాదాపు 80 చోట్ల ఎముకలు విరిగి, కీళ్ళు తప్పి కూడా బతికాడు. అంతటివాడికే తప్పలేదన్న సంగతి స్కీయర్లు అప్పుడే గట్టిగా పట్టించుకుని ఉంటే ఈ చరిత్ర కొంత పొట్టిగా ఉండేది.

యుద్ధం తర్వాత స్కీయింగ్ వినోదమైంది. ఊరివాళ్ళకు మంచు చరియ తమ మీదికి వచ్చే ఆపద. స్కీయర్ తానే దాని దగ్గరికి వెళ్తాడు. 1930ల మొదట్లో దావోస్ నుంచి వైస్‌ఫ్లూయోక్ కొండ దాకా రైలు పడింది. మునుపు ఒకరిద్దరు ఎక్కే వాలుల మీదికి వందల మంది రావడం మొదలైంది. స్విస్ ప్రభుత్వం 1931లో మంచు మీద పరిశోధనకు ఒక సంఘాన్ని వేసింది. 1936లో అదే వైస్‌ఫ్లూయోక్ మీద మంచుతోనే కట్టిన గదిలో ప్రయోగశాల పెట్టారు. నేల బరువునూ జారుడునూ లెక్కగట్టే ఇంజనీరు రాబర్ట్ హేఫెలీ, స్ఫటికాల శాస్త్రం చదివిన హెన్రీ బాడర్ వంటివాళ్ళు అక్కడ చలిలో కూర్చుని పొరలు కోసి చూశారు. 1939లో వెలువడిన వాళ్ళ గ్రంథం ఈ శాస్త్రానికి పునాది. వాళ్ళు తేల్చిన సంగతి ఇవాళ్టికీ ప్రతి కోర్సులో మొదటి గంట పాఠం. నేల దగ్గర మంచు సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది, పైన గాలి చాలా చల్లగా ఉంటుంది. మంచు పొర పలచగా ఉండి ఈ తేడా ఎక్కువైతే ఆవిరి కింద నుంచి పైకి పాకుతూ రేణువులను మార్చేస్తుంది. అవి పెద్దవై, కోణాలు తేరి, చక్కెర పలుకుల్లా ఒకదానితో ఒకటి అంటుకోకుండా ఉండిపోతాయి. తర్వాత గాలి మోసుకొచ్చిన మంచు వాటి మీద గట్టి పలకగా పేరుకుంటుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద ఆ పలక ఒక మనిషి బరువు కోసమే ఎదురు చూస్తున్నట్టు ఉంటుంది. అడుగు పొర ఒక్కచోట కుప్పకూలితే పగులు క్షణాల్లో వాలంతా పాకి, పలక మొత్తం జారుతుంది. అందుకే స్కీయర్లను చంపిన చరియల్లో పదింటికి తొమ్మిది ఆ మనిషో, అతని జట్టువాళ్ళో కదిల్చినవే.

నిజంగా గొప్ప శాస్త్రమిది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో స్విస్ సైన్యం దీన్ని వాడుకుని చరియల హెచ్చరికలు జారీ చేసింది. 1945 నుంచి ఆ బాధ్యత వైస్‌ఫ్లూయోక్ ప్రయోగశాల నుంచి ఎదిగిన దావోస్ సంస్థ తీసుకుంది. 1951 శీతాకాలంలో స్విట్జర్లాండ్‌లో చరియల కింద 98 మంది చనిపోయారు, ఎక్కువమంది ఇళ్ళలోనే. ఆ దెబ్బతో వాలుల మీద ఉక్కు అడ్డుకట్టలు లేచాయి, లోయలన్నీ ఎరుపు, నీలం మండలాలుగా పటాలకెక్కాయి. ఎరుపులో కొత్త ఇల్లు కట్టనివ్వరు. 1999లో దాదాపు అలాంటి శీతాకాలమే మళ్ళీ వచ్చినప్పుడు, లోయల్లో జనం, పర్యాటకులు ఎన్నో రెట్లు పెరిగి కూడా, ఊళ్ళలో, దారుల్లో చనిపోయినవాళ్ళు 17 మంది. ఈ రెండు అంకెలను శాస్త్రం గెలుపుగా చూపుతారు. ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ గెలుపు ఏ రూపంలో వచ్చింది? ఎరుపు మండలంలో ఉండే మనిషి ఏ రోజుకారోజు మంచును తవ్వి చూసి నిర్ణయించుకోనక్కర్లేదు. అతని తరఫున నిర్ణయం ఎప్పుడో అయిపోయింది. అంటే శాస్త్రం ఊళ్ళను కాపాడింది 1397 నాటి కట్టుబాటును మరింత ఖచ్చితమైన పటంగా మార్చడం ద్వారా. స్కీయర్‌కు మాత్రం అదే శాస్త్రం ఇంకో రూపంలో చేరింది. చేతికి పార ఇచ్చి, గుంట తవ్వి, పొరలు చూసి, నువ్వే తేల్చుకో అంది.

ఈ రెండో దారి ఎలా పడిందో తెలియాలంటే అమెరికా వెళ్ళాలి. ఉటాలోని ఆల్టా 1870లలో వెండి గనుల ఊరు. గనులకు దన్ను దూలాల కోసం కొండ మీది అడవిని నరికేశారు. ఆండర్‌మాట్ జనం చేసినదానికి సరిగ్గా తలకిందులు. ఫలితం కూడా తలకిందులే: చరియలు ఊరి మీద పడి పదుల మందిని చంపాయి, వెండి ధర పడ్డాక ఊరే ఖాళీ అయింది. 1930ల చివర్లో అక్కడ స్కీ లిఫ్టు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో కొండల దళమైన పదో మౌంటెన్ డివిజన్‌లో పనిచేసిన మాంటీ ఆట్‌వాటర్ 1945లో అటవీ శాఖ ఉద్యోగిగా ఆల్టా చేరాడు. కొత్త మంచు ఎంత, గాలి ఎటు, ఉష్ణోగ్రత ఎంత అని పది అంశాలు లెక్కగట్టి ప్రమాదాన్ని అంచనా వేసేవాడు. అనుమానం వచ్చిన వాలు మీద పేలుడు పదార్థం వేసేవాడు, తర్వాత ఫిరంగితోనే కొట్టాడు. దావోస్‌లో చదివొచ్చిన ఎడ్ లాషపెల్ 1952లో ఆయనతో చేరాడు. ఆయన 1961లో రాసిన చిన్న పుస్తకం ఒక తరం అమెరికన్ స్కీయర్లకు అక్షరాభ్యాసం.

ఆల్టా పద్ధతిలో ఒక మెలిక ఉంది, చరిత్రకారులు దాని మీద చాలినంత నిలబడలేదనిపిస్తుంది. అక్కడ అంచనా తప్పినా దిద్దుకోవడానికి ఫిరంగి ఉండేది. వాలు నమ్మదగ్గదో కాదో తేలకపోతే గుండు వేసి చూసేవారు. జారితే జారేది, జారకపోతే తెరిచేవారు. అంచనాకు వెంటనే జవాబు వచ్చేది, అది తప్పని తేలినా మనిషి పోయేవాడు కాదు. అలాంటి చోట పనిచేసే మనిషి ఏళ్ళ తరబడి నిజంగానే నేర్చుకుంటాడు. మొదటి పాఠ్యపుస్తకాలు, మొదటి పాఠశాలలు ఇలాంటి వృత్తిమనుషుల చేతుల్లో తయారయ్యాయి. ఆ పాఠాన్నే 1970ల నుంచి రిసార్టు దాటి వెళ్ళే సామాన్య స్కీయర్లకు కూడా చెప్పారు. వాళ్ళ దగ్గర ఫిరంగి లేదు. పైగా కొండ వాళ్ళకు తప్పుడు జవాబులిస్తుంది. ప్రమాదకరమైన వాలు మీద నూరుసార్లు దిగితే చాలాసార్లు ఏమీ కాదు. ఏమీ కాని ప్రతిసారీ మనిషి తన అంచనా సరైందనుకుంటాడు. కొండ మీద అనుభవం తెలివిని పెంచుతుందని ఖాయంగా చెప్పలేం. అదృష్టాన్ని నైపుణ్యంగా భ్రమింపజేయడం దానికి మరింత సులువు. వైస్‌ఫ్లూయోక్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన ఆంద్రే రోష్, నువ్వు నిపుణుడివన్న సంగతి మంచు చరియకు తెలియదని హెచ్చరించేవాడని చెబుతారు. చెప్పినవాడు నిపుణుడే కాబట్టి ఆ మాటకు బరువుంది.

ఇక్కడ మొదటి అభ్యంతరం వినాలి. స్కీయర్లను కాపాడింది ఏ సిద్ధాంతమూ కాదు, పరికరాలు అంటారు. దీనికి సాక్ష్యం లేకపోలేదు. తొలినాళ్ళలో స్కీయర్లు నడుముకు పొడవాటి ఎర్ర దారం కట్టుకుని వెనక ఈడ్చుకుపోయేవారు, మంచు కింద పడితే కొసైనా పైకి కనిపిస్తుందని. 1968లో అమెరికాలో బఫెలో నగరంలోని ఒక ప్రయోగశాల ఇంజనీరు జాన్ లాటన్ ‘స్కాడీ’ అనే బీకన్ తయారుచేశాడు. ప్రతివాడూ సంకేతం పంపుతూ వెళ్తాడు. ఎవరైనా మునిగితే మిగతావాళ్ళు తమ పరికరాన్ని వినడానికి మార్చుకుని వెతుకుతారు. దేశానికో ఫ్రీక్వెన్సీ ఉన్న గందరగోళం కొన్నాళ్ళు నడిచాక 457 కిలోహెర్ట్జ్ అందరికీ ప్రమాణమైంది. 1997లో డిజిటల్ బీకన్లు వచ్చి వెతకడం సులువు చేశాయి. 1985లో జర్మనీ నుంచి గాలిసంచి ఉన్న బ్యాగు వచ్చింది. తాడు లాగితే ఉబ్బి మనిషిని మంచు పైభాగాన తేల్చే ప్రయత్నం చేస్తుంది. ఇవి ప్రాణాలు కాపాడాయి, సందేహం లేదు.

అయితే వీటి హద్దును కూడా అంకెలే చెప్పాయి. స్విస్ ప్రమాదాల మీద 1994లో అచ్చయిన అధ్యయనం ప్రకారం పూర్తిగా కూరుకుపోయినవాళ్ళలో 15 నిమిషాల్లోపు బయటికి తీస్తే 92 శాతం బతికారు, 35 నిమిషాలకు ఆ సంఖ్య 30 శాతానికి పడిపోయింది. తర్వాతి అధ్యయనాలు ఆ మొదటి గడువును ఇంకా కుదించి 10 నిమిషాల దగ్గర నిలిపాయి. హెలికాప్టరు వచ్చేలోగా అంతా అయిపోతుంది, కాబట్టి కాపాడగలిగింది పక్కన ఉన్న జట్టు మాత్రమే. బీకన్ చోటు చూపిస్తుంది, ప్రోబ్ అనే పొడవాటి కడ్డీ లోతు చెబుతుంది, ఆ తర్వాత పారతో తవ్వాలి. ఆగిన మరుక్షణం చరియ మంచు గట్టిపడిపోతుంది. మీటరు లోతున ఉన్న మనిషి కోసం టన్నుకు పైగా తవ్విపోయాలి. కెనడా లెక్కల్లో చనిపోయినవాళ్ళలో సుమారు నాలుగోవంతు ఊపిరాడక కాదు, చెట్లకూ రాళ్ళకూ కొట్టుకుని పోయారు. వాళ్ళకు ఏ బీకనూ పనికిరాదు. పరికరం ప్రమాదం జరిగాక మాట్లాడేది, జరగకుండా ఆపేది కాదు. అది మెడలో ఉందన్న ధైర్యంతో ఇంకొంచెం నిటారు వాలు మీదికి వెళ్ళే మనిషి విషయంలో దాని లాభనష్టాలు తేల్చడం ఎవరికీ సులువు కాదు.

చదువు మళ్ళిన మలుపు 1990లలో వచ్చింది. 1993లో యూరప్ దేశాలు తమ వేర్వేరు హెచ్చరికలను వదిలి ఐదు మెట్ల ప్రమాద సూచిని ఒప్పుకున్నాయి. వెర్నర్ ముంటర్ అనే స్విస్ కొండ గైడు దాన్ని ఆధారం చేసుకుని చాలామందికి కోపం తెప్పించిన పని చేశాడు. గుంటలు తవ్వి పొరలు చూసే పద్ధతిలో ఏళ్ళ తరబడి తలమునకలై, చివరికి దాని మీద నమ్మకం పోగొట్టుకున్నాడు. ఒకే వాలు మీద పది అడుగుల దూరంలో మంచు బలం మారిపోతుంది. మీరు తవ్విన గుంట ఆ గుంట సంగతే చెబుతుంది. అందుకని ఆయన మంచును పక్కన పెట్టి ప్రమాదాల లెక్కలు తీశాడు. ఆ రోజు హెచ్చరిక ఎన్నో మెట్టు, వాలు ఎన్ని డిగ్రీలు అని ముఖ్యంగా రెండు అడిగాడు. ఆయన నియమాల్లో అతి సులువైనది ఇది: రెండో మెట్టు రోజున 40 డిగ్రీల లోపు వాలులకే వెళ్ళాలి, మూడో మెట్టు రోజున 35 లోపు, నాలుగో మెట్టు రోజున 30 లోపు. ఐదో మెట్టు రోజున ఇంట్లో ఉండాలి. స్విట్జర్లాండ్‌లో వినోదానికి వెళ్ళి చరియల్లో పోయినవాళ్ళలో సుమారు సగం మంది మూడో మెట్టు రోజుల్లోనే పోయారు. నాలుగు, ఐదు భయపెడతాయి. మూడు మధ్యలో ఉంది కాబట్టి ‘పర్వాలేదు’ అనిపిస్తుంది. ముంటర్ నియమం ఆ ‘పర్వాలేదు’ను డిగ్రీలతో కట్టేసింది. ఆస్ట్రియా ఆల్పైన్ క్లబ్బు కూడా కొద్ది ఏళ్ళకే ఇదే ఒరవడిలో తన సొంత పద్ధతిని తెచ్చింది.

రెండో అభ్యంతరం ఇక్కడే పుట్టింది, ఇది మొదటిదాని కంటే బలమైంది. శాస్త్రవేత్తలు అన్నారు: నీ దగ్గర ప్రమాదాల లెక్క ఉంది, ఏ ప్రమాదమూ లేకుండా దిగొచ్చినవాళ్ళ లెక్క లేదు. మూడో మెట్టు రోజుల్లో ఎక్కువమంది చనిపోతున్నది ఆ రోజులు ఎక్కువ కాబట్టా, ఆ రోజుల్లో ఎక్కువమంది వెళ్తారు కాబట్టా, నిజంగా ప్రమాదం పెరిగినందుకా? హారం తెలియని భిన్నం నుంచి నియమం తీస్తావా? ఇంకా, ఒక నియమం బాగున్న వాలులను కూడా మూసేస్తుంది, కొన్ని చెడ్డ వాలులను తెరుస్తుంది. రెండు మాటలూ నిజం. కానీ అవతలి దారిని కూడా అదే గీటురాయి మీద పెట్టాలి. గుంట తవ్వి చదివిన స్కీయర్ అంచనా ఎంత తరచుగా తప్పుతుందన్న లెక్క కూడా ఎవరి దగ్గరా లేదు. రెండు అనిశ్చితుల మధ్య ఎంచుకోవాల్సి వస్తే, ఏ తప్పు చౌక అని అడగాలి. నియమం తప్పు చేస్తే ఒక మంచి దిగుడు పోతుంది. అంచనా తప్పయితే మనిషి పోతాడు. నియమానికి ఇంకో గుణం ఉంది. అది ముందు రోజు రాత్రి, వెచ్చని గదిలో, బల్ల మీద పటం పరిచి వర్తించేది. కొండ అంచున, ఎండలో మెరిసే మంచును చూస్తూ నిలబడ్డ మనిషి వేసే అంచనా అలాంటిది కాదు.

ఆ మనిషిని పరీక్షకు పెట్టినవాడు ఇయన్ మెకామన్. అమెరికాలో 1972 నుంచి 2003 దాకా జరిగిన 715 వినోద ప్రమాదాలను ఆయన తిరగేశాడు. చాలా వాటిలో హెచ్చరిక సంకేతాలు కళ్ళెదుటే ఉన్నాయి: ఇటీవల జారిన చరియలు, కొత్త మంచు, గాలి మోసిన మంచు. చనిపోయినవాళ్ళలో చదువుకున్నవాళ్ళు తక్కువేమీ కాదు. బాగా పరిచయమున్న వాలుల మీదయితే శిక్షణ పొందినవాళ్ళు కూడా దాదాపు ఏ శిక్షణా లేనివాళ్ళంత ప్రమాదానికి ఒడ్డుకున్నట్టు ఆయనకు కనిపించింది. ఎన్నోసార్లు వచ్చిన చోటు కదా, ఇంత దూరం వచ్చాం కదా, ముందు నడిచేవాడికి తెలుసు కదా, పక్క జట్టు దిగేలోపు మనమే దిగాలి కదా — ఇలాంటి ‘కదా’లు చదువును మింగేస్తాయి. 2012 ఫిబ్రవరి 19న వాషింగ్టన్ రాష్ట్రంలో స్టీవెన్స్ పాస్ పక్కన టనెల్ క్రీక్ మీద ముగ్గురు చనిపోయారు. ఆ రోజు అక్కడికి వెళ్ళిన బృందంలో ఆ కొండను ఏళ్ళుగా ఎరిగినవాళ్ళు, పేరున్న స్కీయర్లు, స్కీ పత్రికలవాళ్ళు ఉన్నారు. ఉదయం హెచ్చరిక వాళ్ళలో చాలామందికి తెలుసు. బృందం పెద్దదైనకొద్దీ వద్దని నోరు విప్పడం ఒక్కొక్కరికీ కష్టమైంది.

కెనడా ఇంకా కఠినమైన జవాబిచ్చింది. 2003 ఫిబ్రవరి 1న బ్రిటిష్ కొలంబియాలోని గ్లేసియర్ జాతీయ ఉద్యానంలో, కానాట్ క్రీక్ లోయలో స్కీయింగ్ విహారానికి వచ్చిన పదో తరగతి పిల్లలు ఏడుగురు చరియలో పోయారు. వెంట పెద్దలున్నారు, పరికరాలున్నాయి, శిక్షణ ఉంది. ఆ తర్వాత పార్క్స్ కెనడా తన కొండలను సులభం, కష్టం, సంక్లిష్టం అని మూడు తరగతులుగా విభజించింది. ఈ విభజన ఆ రోజు మంచు ఎలా ఉందో చూడదు, నేల తీరునే చూస్తుంది. బడిపిల్లల బృందాలను సంక్లిష్టమైన వాలుల్లోకి అసలే పోనివ్వరు, కష్టమైనవాటిలోకి అర్హత ఉన్న గైడు లేకుండా పోనివ్వరు. ఈ ఉత్తర్వులో కొత్త శాస్త్రం ఏమీ లేదు. ఆండర్‌మాట్ పెద్దలకు చదివి వినిపిస్తే ఒక్క ప్రశ్న అడగకుండా వేలిముద్ర వేసేవారు.

అయితే శిక్షణ దండగనా? మూడో అభ్యంతరం ఇది, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అమెరికాలో కొన్ని దశాబ్దాలుగా చరియల మరణాలు చాలా ఏళ్ళలో ముప్పైకి అటూఇటూ తిరుగుతున్నాయి. ఈ కాలంలో రిసార్టు దాటి వెళ్ళేవాళ్ళు ఎన్నో రెట్లు పెరిగారు. అంటే ఒక్కొక్కరి మీద పడే ప్రమాదం తగ్గిందనే కదా అర్థం. అవును, తగ్గింది. ఎక్కువ భాగం కోర్సుల వల్ల, రోజూ వెలువడే హెచ్చరికల వల్ల తగ్గిందనే నేనూ నమ్ముతాను. కానీ ఆ తగ్గుదల వచ్చిన కాలాన్ని గమనించాలి. హెచ్చరికలు ఇంటింటికీ చేరిన కాలం, కోర్సులు రేణువుల పాఠం తగ్గించి నిర్ణయాల పాఠం పెంచిన కాలం అదే. కోవిడ్ వేళ రిసార్టులు కట్టుదిట్టాలు పెట్టడంతో జనం బయటి కొండల మీదికి ఎగబడిన 2020–21 శీతాకాలంలో అమెరికాలో 37 మంది పోయారు. కొత్తవాళ్ళు చస్తారేమోనని అందరూ భయపడ్డారు. చనిపోయినవాళ్ళలో మాత్రం ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళే ఎక్కువగా కనిపించారు.

నా వాదానికి ఒక హద్దు ఉంది, అది మన దేశం దగ్గర కనబడుతుంది. భారత్‌లో ఈ విద్య వినోదం కోసం పుట్టలేదు. హిమాలయ సరిహద్దుల్లో సైన్యం కోసం రక్షణ పరిశోధన సంస్థ 1969లో మనాలీలో మంచు, చరియల అధ్యయన కేంద్రాన్ని స్థాపించింది. 2020లో అది ఇంకో ప్రయోగశాలతో కలిసి చండీగఢ్ కేంద్రంగా డీజీఆర్‌ఈ అనే సంస్థ అయింది. సైనికుడు చోటును ఎంచుకోలేడు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో సోనమ్ పోస్టు మీద మంచు పడి మద్రాస్ రెజిమెంటుకు చెందిన పది మంది పోయారు. వాళ్ళలో కర్నూలు జిల్లా సిపాయి ఒకరు. ‘అక్కడికి వెళ్ళకు’ అనే నియమం ఆయనకు వర్తించదు. గ్రాన్ పొజ్‌లో లాగే అక్కడ నిర్ణయం వేరేవాళ్ళది. అలాంటి చోట మంచును చదివే శాస్త్రానికి ప్రత్యామ్నాయం లేదు, ఆ శాస్త్రం మాట వినే అధికారి కూడా కావాలి. శిక్షణ సంస్థ సంగతి వేరు. 2022 అక్టోబరు 4న ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థ బృందం ద్రౌపదీ కా దండా శిఖరం దగ్గర చరియలో చిక్కుకుంది. నేర్చుకునేవాళ్ళూ నేర్పేవాళ్ళూ కలిపి 29 మంది చనిపోయారు లేదా గల్లంతయ్యారు. శిక్షకుల పక్కనే ఉండటం రక్షణ కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

సియాటిల్, డెన్వర్, సాల్ట్ లేక్ సిటీ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువాళ్ళలో మంచు క్రీడలు మరిగినవాళ్ళు ఉన్నారు. గుల్‌మర్గ్‌లో గొండోలా ఎక్కి అఫర్వత్ మీద దిగి, తాడు దాటి అవతలికి చూసేవాళ్ళు ఇక్కడి నుంచి కూడా వెళ్తున్నారు. వాళ్ళకు చెప్పగలిగింది ఇంతే. కోర్సు ఎంచుకునేటప్పుడు గుంట తవ్వడం ఎన్ని గంటలు నేర్పుతారని కాకుండా, ముందు రాత్రి పటం మీద వాలులు కొలిచి వద్దనుకున్నవాటిని కొట్టేయడం నేర్పుతారా, జట్టులో ఎవరు వద్దన్నా అందరూ వెనక్కి రావాలనే ఒప్పందం చేయిస్తారా అని అడగండి. నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్, కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్, ఉటా అవలాంచ్ సెంటర్ సీజనులో ప్రతిరోజూ హెచ్చరికలు ఉచితంగా ఇస్తాయి. జమ్మూ కశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ కొండలకు డీజీఆర్‌ఈ ఇస్తుంది. బయలుదేరే ముందు వాటిని చదవండి. మూడో మెట్టు అని ఉంటే 35 డిగ్రీలు దాటిన వాలు జోలికి పోకండి.